‘మీ నెట్ చెక్ చేసుకోండి’ అనేముందు...

హాల్‌టికెట్ డౌన్‌లోడ్, ఫీజు కట్టడం, కౌన్సెలింగ్‌కి అప్లై చేయడం... ఏదైనా సరే, ‘ఈ సైట్ ఓపెన్ కావడం లేదు’ అని ఫోన్‌లో కనపడగానే అందరం చేసేది ఒకటే. వైఫై ఆపి డేటా ఆన్ చేస్తాం. ఏరోప్లేన్ మోడ్ పెట్టి తీస్తాం. డాబా మీదికి ఎక్కుతాం. రిఫ్రెష్ కొడుతూనే ఉంటాం. మూడోసారికో నాలుగోసారికో పేజీ వచ్చేస్తుంది. ‘హమ్మయ్య, సిగ్నల్ వచ్చింది’ అనుకుంటాం.

అసలు సిగ్నల్ పోనే లేదేమో!

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. సర్వర్లు చూసుకోవడం కూడా నా పనిలో భాగమే. సరిగ్గా ఇలాంటి ‘రిఫ్రెష్ కొడితే వచ్చేస్తుంది’ సమస్య ఒకటి రెండేళ్ల కిందట నా ముందుకొచ్చింది. దాని కారణం ఏ సెల్ టవర్‌లోనూ లేదు. సర్వర్‌లోని మూడు వరుసల రూల్స్‌లో ఉంది. ఆ మూడు వరుసల గురించే ఇదంతా. కొంచెం లెక్కలుంటాయి, భయపడకండి. స్కూల్లో నేర్చుకున్న భిన్నాలు చాలు.

స్క్రీన్‌షాట్ ఎట్ల వస్తది?

మా క్లయింట్ ఒక విద్యాసంస్థ. అందులో చేరాలంటే మేం నడిపే సైట్‌లోనే అప్లికేషన్ నింపాలి. ఆఖరు తేదీకి ఇంకా మూడు రోజులే ఉంది. నేను ఆ ప్రాజెక్టులోకి వచ్చి వారమైంది. దాన్ని మొదట కట్టినవాళ్లు ఎప్పుడో వేరే ఉద్యోగాలకి వెళ్లిపోయారు.

మా హెల్ప్‌డెస్క్‌లో ఒక అక్క పనిచేసేది. సూర్యాపేట వైపు మనిషి. పిల్లలో, వాళ్ల అమ్మానాన్నలో ఫోన్ చేస్తే ఏం చెప్పాలో ఒక కాగితం మీద రాసిచ్చారు ఆమెకి. అందులో మొదటి వాక్యం ‘దయచేసి మీ ఇంటర్నెట్ కనెక్షన్ చెక్ చేసుకోండి.’ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే చెప్పాలి. ఒకరోజు లంచ్ టైములో నా దగ్గరికొచ్చింది.

‘‘తమ్మీ, కాగితంల రాసినట్టే చెప్తున్న. కానీ వాళ్ల నెట్ మంచిగనే ఉన్నది. ఎర్రర్ వచ్చిందని అప్పటికప్పుడు వాట్సాప్‌ల స్క్రీన్‌షాట్ పంపుతున్నరు. నెట్ లేకుంటే స్క్రీన్‌షాట్ ఎట్ల వస్తది?’’

బీటెక్‌లో కంప్యూటర్ నెట్‌వర్క్స్ సబ్జెక్ట్ చదివాను. ఉద్యోగంలో చేరాక ఎన్నో మీటింగుల్లో కూర్చున్నాను. ఇంత సూటి ప్రశ్న మాత్రం ఎక్కడా వినలేదు.

ఆమె దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఎవరూ చెప్పకుండానే కాల్స్ రాసుకుంది. ఎన్ని గంటలకి, ఏ పేజీలో ఆగింది, మళ్లీ నొక్కితే ఏమైంది. ఆ పేజీలు తిరగేస్తుంటే మూడు విషయాలు కనిపించాయి. ఒకటి, ఏ కంపెనీ సిమ్ అయినా ఎర్రర్ వస్తోంది. రెండు, రద్దీ ఉన్నప్పుడే కాదు, పొద్దున్నే ఎవరూ లేనప్పుడూ వస్తోంది. మూడు, మళ్లీ నొక్కితే ఎక్కువమందికి తెరుచుకుంటోంది.

అన్నిటికంటే బాధ పెట్టింది ఫారం నింపినవాళ్ల సంగతి. పేరు, మార్కులు, చిరునామా అన్నీ కొట్టి, ఫొటో, సంతకం అప్‌లోడ్ చేసి, సబ్మిట్ నొక్కగానే ఎర్రర్. మళ్లీ మొదట్నుంచి. ఫోన్‌లో కాక నెట్ సెంటర్‌లో నింపిస్తే, ఆ డబ్బులు కూడా మళ్లీ మొదట్నుంచే.

సర్వర్ బరువు మోయలేకపోతే రద్దీ వేళ ఆగాలి, తెల్లవారుజామున బాగుండాలి. ఇక్కడ ఎప్పుడు చూసినా ఒకేలా, ఎవరో పాచికలు వేసి ‘నువ్వు లోపలికి, నువ్వు బయటికి’ అంటున్నట్టుగా ఉంది. నిజంగానే పాచికలు వేస్తున్నారని సాయంత్రానికి తెలిసింది.

వాచ్‌మన్ నోట్‌బుక్

ముందు మా సర్వర్ ఎలా ఉండేదో చెప్పాలి. సైట్ నోడ్ జేఎస్‌లో రాసింది. నోడ్ ప్రోగ్రామ్ ఒక కాపీ నడిపితే అది ముఖ్యంగా ప్రాసెసర్‌లో ఒక కోర్‌నే వాడుకుంటుంది. మా మెషీన్‌లో నాలుగు కోర్లున్నాయి. మిగతావి ఖాళీగా ఎందుకుండాలని మూడు కాపీలు నడిపారు. ఒక్కోటి ఒక్కో పోర్ట్ మీద. 3001, 3002, 3003.

పోర్ట్ అంటే తలుపు నంబర్. ఒక మెషీన్‌కి 65,535 వరకు ఇలాంటి నంబర్లుంటాయి. మీ బ్రౌజర్ మాత్రం వీటిలో ఒక్కదాన్నే తడుతుంది. అడ్రస్ ముందు హెచ్‌టీటీపీఎస్ ఉంటే అది 443. మరి 443 దగ్గరికి వచ్చినవాళ్లని మూడు తలుపులకి ఎవరు పంచాలి? మామూలుగా ఎన్‌జిన్‌ఎక్స్, హెచ్ఏప్రాక్సీ లాంటి ప్రోగ్రామ్ ఒకటి పెడతారు. ఇక్కడ అది లేదు. ఆ పని లైనక్స్‌లోనే ఉన్న ఫైర్‌వాల్‌కి, అంటే ఐపీటేబుల్స్‌కి అప్పజెప్పారు.

ఫైర్‌వాల్ అంటే అడ్డుకునేదే అనుకుంటాం. దానికి ఇంకో విద్య కూడా వచ్చు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని ఊహించుకోండి. బయటివాళ్లకి తెలిసింది ఒక్క గేటే. వచ్చిన పార్సిల్‌ని వాచ్‌మన్ ఫలానా ఫ్లాట్‌కి పంపి, నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. ఫ్లాట్ నుంచి జవాబు వస్తే నోట్‌బుక్ చూసి, గేటు నుంచే వచ్చినట్టు బయటికి పంపిస్తాడు. ఇలా అడ్రస్ మార్చి పంపడాన్ని నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్ అంటారు. ముద్దుగా ‘నాట్’.

మీ ఇంటి వైఫై రూటర్ రోజూ చేసేది ఇదే. పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు మొత్తం కలిపినా దాదాపు 430 కోట్లే. ఇంటికి నాలుగు ఫోన్లుంటే ఎలా సరిపోతాయి? అందుకే ఇంట్లో అందరూ బయటికి ఒకే అడ్రస్‌తో వెళ్తారు. 1994లో ‘కొన్నాళ్లకి పనికొచ్చే ఉపాయం’గా దీన్ని రాసిపెట్టారు. 30 ఏళ్లు దాటినా ఇంకా దాని మీదే బతుకుతున్నాం. లైనక్స్‌లో ఐపీటేబుల్స్ 2001లో 2.4 కెర్నెల్‌తో వచ్చింది.

వాచ్‌మన్ గురించి ఇంకొక్క మాట గుర్తుపెట్టుకోండి. ఎవరిని ఎటు పంపాలి అనే నిర్ణయం ఒక కనెక్షన్‌లో మొదటి ప్యాకెట్ వచ్చినప్పుడే జరుగుతుంది. ఆ తర్వాత వచ్చే ప్యాకెట్లన్నీ నోట్‌బుక్‌లో రాసిన దారిలోనే పోతాయి. అంటే పాచిక ఒక కనెక్షన్‌కి ఒక్కసారే పడుతుంది.

ఆ పాచిక పేరు ఐపీటేబుల్స్‌లో స్టాటిస్టిక్. ‘ఇంత అవకాశంతో ఈ రూల్ వర్తించు’ అని దానికి చెప్పొచ్చు. మా సర్వర్‌లో ఉన్న మూడు రూల్స్ మన భాషలో ఇలా ఉన్నాయి:

443కి కొత్త కనెక్షన్ వస్తే 0.33 అవకాశంతో 3001కి మళ్లించు.
443కి కొత్త కనెక్షన్ వస్తే 0.33 అవకాశంతో 3002కి మళ్లించు.
443కి కొత్త కనెక్షన్ వస్తే 0.33 అవకాశంతో 3003కి మళ్లించు.

ముగ్గురికీ మూడో వంతు. చూస్తే ఎంత న్యాయంగా ఉందో! ఎవరు చదివినా ‘సరిగ్గానే ఉంది’ అని తలూపి వెళ్లిపోతారు.

27 మామిడికాయలు

గంపలో 27 మామిడికాయలున్నాయి. ముగ్గురు అన్నదమ్ములు. ఇంటి పెద్ద అరుగు మీద కూర్చుని, ‘ఒకరి తర్వాత ఒకరు వెళ్లి, గంపలో ఉన్నవాటిలో మూడో వంతు తెచ్చుకోండి’ అన్నాడు.

పెద్దోడు వెళ్లాడు. 27లో మూడో వంతు 9. తీసుకున్నాడు. గంపలో 18 మిగిలాయి.

నడిపోడు వెళ్లాడు. 18లో మూడో వంతు 6. గంపలో 12 మిగిలాయి.

చిన్నోడు వెళ్లాడు. 12లో మూడో వంతు 4. గంపలో ఇంకా 8 ఉన్నాయి.

ఆ ఎనిమిదీ ఎవరివి? ఎవరివీ కావు. గంపలోనే కుళ్లిపోతాయి.

ఐపీటేబుల్స్ రూల్స్‌ని పైనుంచి కిందికి, వరుసగా చదువుతుంది. మొదటి రూల్ పట్టుకున్న కనెక్షన్ రెండో రూల్ దాకా రాదు. కాబట్టి రెండో రూల్‌కి కనపడేది మొత్తం కాదు, మొదటిది వదిలేసినవి మాత్రమే. ఆ 0.33 మొత్తంలో 0.33 కాదు, తన దాకా వచ్చినవాటిలో 0.33. లెక్క వేస్తే ప్రతి 100 కనెక్షన్లలో 3001కి 33, 3002కి 22, 3003కి 15 చేరతాయి. మిగతా 30 ఏ రూల్‌కీ దొరకవు. అవి నేరుగా 443 దగ్గరే నిలబడతాయి. అక్కడ ఏ ప్రోగ్రామూ లేదు. ‘ఇక్కడ ఎవరూ లేరు, వెళ్లిపో’ అని మెషీనే తలుపు వేసేస్తుంది.

దీన్ని ఊహతో వదిలేయలేదు. ఐపీటేబుల్స్ ఏ రూల్ ఎన్ని పట్టుకుందో పక్కనే లెక్క ఉంచుతుంది. ఏ రూల్‌కీ దొరకనివి ఎన్నో కూడా పైవరుసలో ఉంటుంది. ఆ నాలుగు అంకెల్ని పక్కపక్కన పెట్టి శాతాలు తీశాను. దాదాపు 33, 22, 15, 30. అక్క నోట్‌బుక్ చెప్పినదాన్నే సర్వర్ కూడా అంకెల్లో రాసిపెట్టుకుంది. అడిగినవాళ్లే లేరు.

ఇప్పుడు ఆ ఫారం సంగతి చూడండి. మా సెట్టింగ్‌లో ఒక కనెక్షన్ ఐదు సెకన్లు ఖాళీగా ఉంటే సర్వర్ దాన్ని మూసేస్తుంది. ఫారం నింపడానికి పది నిమిషాలు పడుతుంది కదా. అందుకే సబ్మిట్ నొక్కినప్పుడు మళ్లీ కొత్త కనెక్షన్, మళ్లీ కొత్త పాచిక. లాగిన్‌కి ఒకటి, ఫారం తెరవడానికి ఒకటి, సబ్మిట్‌కి ఒకటి అని కనీసం మూడు అనుకున్నా, మూడుసార్లూ అదృష్టం కలిసొచ్చి ఒక్క ఎర్రర్ కూడా చూడనివాళ్లు 100కి 34 మంది. మిగతా 66 మందికి ఎక్కడో ఒకచోట దెబ్బ తగులుతుంది.

లోపలికి రానివాళ్ల లెక్క

మరి ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తెలియలేదు? ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే.

మా డాష్‌బోర్డు మొత్తం ఆకుపచ్చ. ప్రాసెసర్ తీరిగ్గా ఉంది. మూడు కాపీలూ నడుస్తున్నాయి. లాగ్‌లో ఎర్రర్లు దాదాపు సున్నా. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. లాగ్ రాసేది సైట్ ప్రోగ్రామ్. గేటు దగ్గరే వెనక్కి వెళ్లిపోయినవాళ్లు ఆ ప్రోగ్రామ్ దాకా రానే లేదు. దాని దృష్టిలో వాళ్లు పుట్టనే లేదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ పేజీ ఇచ్చానని అది గర్వంగా చెబుతోంది. నిజమే, వచ్చినవాళ్లకి ఇచ్చింది.

సర్వర్ బాగుందో లేదో చూసే ప్రోగ్రామ్ కూడా అదే మెషీన్‌లో కూర్చుని 3001, 3002, 3003లని నేరుగా తట్టి ‘అందరూ ఉన్నారు’ అంటోంది. గేటు బయటికెళ్లి, మామూలు మనిషిలా 443ని తట్టి చూడలేదు. పైగా లైనక్స్‌లో బయటి నుంచి వచ్చేవాటికి ఒక దారి, ఆ మెషీన్‌లోనే పుట్టినవాటికి ఇంకో దారి. మొదటిది ప్రీరౌటింగ్, రెండోది అవుట్‌పుట్. మన మూడు రూల్స్ ఉన్నది ప్రీరౌటింగ్‌లో. లోపల కూర్చుని ఎంత పరీక్షించినా ఆ రూల్స్ మీద అడుగే పడదు.

అందుకే నా ఫోన్ హాట్‌స్పాట్‌కి లాప్‌టాప్ కలిపి, బయటి మనిషిలా వరసగా కొత్త కనెక్షన్లు పెట్టి చూశాను. ప్రతి పదిలో దాదాపు మూడు తిరిగొచ్చాయి. అక్కని పిలిచి స్క్రీన్ చూపించాను.

‘‘అంటే పిల్లలు నిజమే చెప్పిన్రు గదా’’ అంది. ఆమె గొంతులో సంతోషం లేదు. ఎన్ని వందల మందికి ‘మీ నెట్ చెక్ చేసుకోండి’ అని చెప్పి ఉంటుందో ఆమె లెక్క వేసుకుంటోందని అర్థమైంది. ఆ వాక్యం ఆమెది కాదు, ఆమె చేతికిచ్చిన కాగితానిది.

మిగిలినదంతా చిన్నోడికి

మామిడికాయలు సమంగా పంచాలంటే ఏం చెప్పాలి? పెద్దోడు మూడో వంతు తీసుకోవాలి. నడిపోడు ఉన్నవాటిలో సగం తీసుకోవాలి. చిన్నోడు మిగిలినదంతా ఊడ్చుకెళ్లాలి. 9, 9, 9. గంప ఖాళీ.

రూల్స్ కూడా అంతే. మొదటిదానికి 0.3333. రెండోదానికి 0.5. మూడోదానికి అసలు షరతే ఉండకూడదు. కాగితం మీద చూస్తే చిన్నోడికి దోచిపెట్టినట్టు ఉంటుంది. చేతికొచ్చేది మాత్రం అందరికీ సమానం.

మేనేజర్ గారితో మాట్లాడాను. ‘‘దీన్ని తీసేసి సరైన లోడ్ బ్యాలెన్సర్ పెడదామా?’’ అన్నారు. పెట్టాలి, కానీ ఇప్పుడు కాదన్నాను. ఆఖరు తేదీ ముందు మొత్తం ముఖద్వారాన్నే మార్చడం కంటే, అంకెలు మార్చడం క్షేమం. ఆయన ఒప్పుకున్నారు.

మార్చే వరసకి కూడా ఒక లెక్కుంది. ముందు మూడో రూల్ షరతు తీసేశాం. ఆ క్షణం నుంచే గంపలో కాయ మిగల్లేదు. తర్వాత రెండోది, చివరికి మొదటిది. అప్పటికే ఫారం పంపుతున్నవాళ్లకి ఇబ్బంది లేదు, వాళ్ల దారి వాచ్‌మన్ నోట్‌బుక్‌లో పాతదే ఉంటుంది. సర్వర్ రీస్టార్ట్ అక్కర్లేదు. మొత్తం రెండు నిమిషాల పని.

అరగంట తర్వాత చూస్తే మూడు రూల్స్ పక్కన అంకెలు దాదాపు సమానం. మర్నాడు హెల్ప్‌డెస్క్‌కి ఫోన్లు వచ్చాయి, కానీ వేరే ప్రశ్నలతో. ఫొటో సైజు ఎంతుండాలి, కులం సర్టిఫికెట్ పాతది పనికొస్తుందా... అలాంటివి. అప్పటికే విసిగిపోయి అప్లై చేయడం మానేసినవాళ్ల కోసం ఏమైనా చేయాలని అక్కే అడిగింది. ఆమె నోట్‌బుక్‌లో నంబర్లున్నాయి. రెండు రోజులు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ‘సైట్ బాగైంది, మళ్ల చూడుర్రి’ అని చెప్పింది. ఆ నోట్‌బుక్‌లో లేనివాళ్ల సంగతి మాత్రం మా దగ్గర ఎక్కడా లేదు.

పాచికకి కళ్లుండవు

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ఐపీటేబుల్స్ పంచుతుంది, అవతల మనిషి ఉన్నాడో లేడో చూడదు. 3002లోని కాపీ ఆగిపోయినా దాని వాటా దానికే పంపుతుంది. అంటే మళ్లీ మూడో వంతు మందికి తలుపు మూతే. అందుకే ఆ మూడు రోజులకీ ఒక చిన్న స్క్రిప్ట్ పెట్టాం. ఏదైనా కాపీ పలక్కపోతే దాని రూల్ తీసేసి, మిగిలిన రెండింటికీ సగం, మిగతాదంతా అని లెక్క మారుస్తుంది. పిల్లల హడావుడి అయిపోయాక హెచ్ఏప్రాక్సీకి మారాం. తలుపు తట్టి చూసి పంపడం దానికి వచ్చు.

పాచిక కనెక్షన్లని లెక్కపెడుతుంది తప్ప పనిని కాదు. గంటల తరబడి తెగని కనెక్షన్లు పెట్టుకునే చాటింగ్ యాప్ లాంటిదైతే, లెక్కకి సమానంగా పంచినా బరువు ఒకవైపే పడొచ్చు.

అలాగని ఇది పాత చింతకాయ పచ్చడి కాదు. కంపెనీలు యాప్‌లు నడపడానికి వాడే కుబర్నెటిస్‌లో కూడా ఐపీటేబుల్స్ పద్ధతి ఉంది. అందులో నాలుగు కాపీలుంటే రూల్స్ వరసగా 0.25, 0.333, 0.5, చివరిదానికి షరతు లేదు. అచ్చంగా మన మామిడికాయల లెక్కే. 2014లో లైనక్స్‌లోకి వచ్చిన ఎన్ఎఫ్‌టేబుల్స్‌లో ఒక్కసారే పాచిక వేసి 0 పడితే ఇటు, 1 పడితే అటు, 2 పడితే అటువైపు అని ఒకే వరసలో రాయొచ్చు. అక్కడ ఎవరి వాటా ఎవరి తర్వాత అనే చిక్కే రాదు.

ఇప్పుడు మా హెల్ప్‌డెస్క్ కాగితంలో మొదటి వాక్యం మారింది. ‘ఎన్ని గంటలకి, ఏ పేజీలో ఆగింది? మళ్లీ నొక్కితే వచ్చిందా?’ ఆ మాటలు రాసింది అక్కే. బయట తట్టి చూసే ప్రోగ్రామ్ ఒకటి వేరే ఊళ్లోని మెషీన్ నుంచి ప్రతి నిమిషం 443నే తడుతుంది.

మీకూ ఒక మాట. ఈసారి పేజీ తెరుచుకోకపోతే డాబా ఎక్కేముందు ఎర్రర్ కింద చిన్న అక్షరాల్లో ఏముందో చదవండి. ‘నేమ్ నాట్ రిజాల్వ్డ్’ అంటే సైట్ అడ్రస్ దొరకలేదు, ముందు మీ నెట్ చూసుకోవచ్చు. ‘టైమ్డ్ అవుట్’ అంటే అటు నుంచి జవాబే లేదు, తప్పు ఎవరిదైనా కావొచ్చు. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అంటే మాత్రం చాలావరకు మీ మాట అక్కడిదాకా వెళ్లింది, ‘కుదరదు’ అనే జవాబు తిరిగొచ్చింది. మీ నెట్ పని చేసినట్టే. అప్పుడు టైముతో సహా ఒక స్క్రీన్‌షాట్ తీసి పంపండి. అవతల హెల్ప్‌డెస్క్‌లో అలాంటి అక్క ఒకరుంటే, అది వృథా పోదు.